విండోస్ సాఫ్ట్‌వేర్ లినక్స్ మీద: పేజ్‌మేకర్, అను, టాలీ, టోకెన్, కాటా – ఏది నడుస్తుంది, ఏది మొరాయిస్తుంది

అన్నా, మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. కర్నూలులో డీటీపీ, జాబ్‌వర్క్ షాపు. మూడు కంప్యూటర్లు, మూడూ నాలుగో తరం ఐ3, 4 జీబీ ర్యామ్. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్టు ఆగింది, విండోస్ 11 ఈ మిషన్లకు ఎక్కదు. లినక్స్ మింట్ వేస్తే పేజ్‌మేకర్ 7, తెలుగు టైపు చేసే అను స్క్రిప్ట్ మేనేజర్, ఫోటోషాప్ 7, టాలీ, డీఎస్‌సీ (డిజిటల్ సంతకం) టోకెన్ నడుస్తాయా? ఆదోనిలో మీ బావగారి జిన్నింగ్ మిల్లులో ఉన్న పాత ఫాక్స్‌ప్రో బిల్లింగు, కాటా సాఫ్ట్‌వేర్ సంగతేమిటి?

అన్నిటినీ ఒకే గాటన కట్టి అడిగితే జవాబు దొరకదు. ప్రతి ప్రోగ్రామునూ విడిగా పట్టుకుని ఒకే సంగతి చూడాలి: అది పని చేసేటప్పుడు దేన్ని తాకుతుంది? తెర, కీబోర్డు, ఫైళ్లు, ప్రింటరు వరకే తాకితే దాన్ని, లినక్స్ మీద విండోస్ ప్రోగ్రాములు నడిపే వైన్‌లో పెట్టొచ్చు. సొంత డ్రైవరు వేసుకుని యూఎస్‌బీ లాక్‌నో టోకెన్‌నో తాకితే వైన్ దాన్ని మోయలేదు, వర్చువల్ మిషన్, అంటే లినక్స్ లోపలే ఒక కిటికీలో నడిచే పూర్తి విండోస్, కావాలి. డాస్ కాలం నాటిదైతే దాని దారే వేరు. మీ జాబితాలో మూడు రకాలూ ఉన్నాయి.

వైన్ అంటే ఏమిటో రోంత తెలిస్తే తర్వాత వచ్చే గొడవలు సగం అర్థమవుతాయి. ఈఎక్స్ఈ ఫైల్లో ఉండేది ప్రాసెసర్‌కు ఇచ్చే ఆదేశాలు. ప్రాసెసర్ అదే ఇంటెల్, కాబట్టి ఆ ఆదేశాలు లినక్స్ కింద కూడా యథాతథంగా నడుస్తాయి. తేడా వచ్చేది "ఈ ఫైలు తెరువు, ఇక్కడ కిటికీ గీయి, ఈ ఫాంటు ఇవ్వు" అని ప్రోగ్రాము విండోస్‌ను అడిగే చోట. ఆ అడిగినదానికి విండోస్ బదులు వైన్ సొంతంగా రాసుకున్న డీఎల్ఎల్‌లు (ప్రోగ్రాములు పంచుకుని వాడే ముక్కలు) జవాబిస్తాయి. మధ్యలో ద్విభాషి కూర్చున్నట్టు. అందుకే వేగం పెద్దగా తగ్గదు. 1993లో మొదలైన ఈ పనికి 1.0 వెర్షన్ రావడానికి 2008 పట్టింది. విండోస్‌కు ఎన్ని మూలలున్నాయో దాన్నిబట్టే తెలుస్తుంది. ఇప్పటికీ ద్విభాషికి రాని మాటలు కొన్ని మిగిలే ఉన్నాయి. పాత ప్రోగ్రాములు అడిగే మాటలు మాత్రం చాలావరకు వచ్చు. కాబట్టి 2001 నాటి పేజ్‌మేకర్ 7, 2002 నాటి ఫోటోషాప్ 7 లాంటివాటికి ఆశ ఎక్కువ. కోరల్‌డ్రా కొత్త వెర్షన్లు, నెలనెలా చందా కట్టే అడోబీ ప్రోగ్రాములు వైన్‌లో పెట్టాలని కూర్చుంటే యాష్ట తప్ప మిగిలేదేమీ లేదు.

ముందు డీటీపీ మిషన్ సంగతి. ఉబుంటు 24.04 మీద కట్టిన మింట్ 22 తీసుకోండి, 2029 ఏప్రిల్ దాకా అప్‌డేట్లు వస్తాయి. 4 జీబీ ర్యామ్‌కు ఎక్స్ఎఫ్‌సీఈ రకం సరిపోతుంది. పేజ్‌మేకర్ 32 బిట్ ప్రోగ్రాము, మింట్ 64 బిట్. అందుకని ముందు ప్యాకేజీల వ్యవస్థకు ఐ386 ఆర్కిటెక్చర్ కలపాలి, జాబితా అప్‌డేట్ చేయాలి. ఆ తర్వాతే వైన్, వైన్32, వైన్‌ట్రిక్స్ వేయాలి. దాంతోపాటు లినక్స్‌లో ప్రింటింగ్ చూసుకునే కప్స్ లైబ్రరీ 32 బిట్ కాపీ, అంటే లిబ్‌కప్స్2 ఐ386, వేయడం మరవొద్దు. ఇది లేకపోతే లినక్స్‌లో ప్రింటరు చక్కగా పనిచేస్తుంటుంది, పేజ్‌మేకర్‌లో మాత్రం ప్రింటర్ల పట్టీ ఖాళీగా కనిపిస్తుంది. జనం రోజులు రోజులు ప్రింటరు డ్రైవరు మార్చి మార్చి చూసేది ఇక్కడే.

తర్వాత ప్రిఫిక్స్. ఒక్కో ప్రిఫిక్స్ ఒక్కో నకిలీ విండోస్ అనుకోండి: ఒక ఫోల్డరు, దాంట్లో డ్రైవ్_సీ, రిజిస్ట్రీ ఫైళ్లు. ఏమీ చెప్పకపోతే హోమ్‌లో చుక్కతో మొదలయ్యే వైన్ అనే దాగిన ఫోల్డరు వాడుకుంటుంది. అలా వదలొద్దు. వైన్‌ప్రిఫిక్స్ వేరియబుల్‌కు డీటీపీ అనే ఫోల్డరు చూపించండి, వైన్‌ఆర్క్ వేరియబుల్‌ను విన్32 అని పెట్టండి, ఆ రెండింటితో కలిపి ఒకే వరుసలో వైన్‌సీఎఫ్‌జీ నడపండి. ప్రిఫిక్స్ పుట్టేటప్పుడే 32 బిట్ అని చెప్పాలి, పుట్టాక మార్చడం కుదరదు. తెరుచుకున్న కిటికీలో విండోస్ వెర్షన్ ఎక్స్‌పీ అని ఎంచండి. ఇదంతా మామూలు యూజర్‌గానే చేయాలి. "పర్మిషన్ లేదు" అని ఎక్కడైనా వస్తే సుడో పెట్టి, అంటే రూట్ (అడ్మిన్) అధికారంతో, వైన్ నడపొద్దు. ఒక్కసారి నడిపినా ప్రిఫిక్స్‌లో కొన్ని ఫైళ్లు రూట్ పేరు మీదికి పోతాయి, ఆపైన మామూలుగా తెరిస్తే ఏదో ఒకటి సేవ్ కాక మొరాయిస్తుంది.

పేజ్‌మేకర్, అను, ఫోటోషాప్ మూడూ ఇదే ప్రిఫిక్స్‌లో ఉండాలి. దానికి కారణముంది. అను లాంటి కీబోర్డు మేనేజర్లు మీరు మీట నొక్కగానే మధ్యలో పట్టుకుని తెలుగు గుర్తుగా మార్చి ప్రోగ్రాముకు అందిస్తాయి. ఆ పట్టుకోవడం ఒకే ప్రిఫిక్స్‌లో నడుస్తున్న విండోస్ ప్రోగ్రాముల మధ్యే కుదురుతుంది. లినక్స్ సొంత ప్రోగ్రాముల్లోకి, అంటే లిబ్రే‌ఆఫీస్‌లోకో బ్రౌజర్‌లోకో, అనుతో టైపు కాదు. వాటిలో యూనికోడ్ కీబోర్డే వాడాలి. ముందు అను తెరిచి, తర్వాత పేజ్‌మేకర్ తెరవండి. మీ అను కాపీకి హార్డ్‌వేర్ లాక్ ఉంటే ఇదంతా వదిలేసి నేరుగా వర్చువల్ మిషన్ భాగానికి పోండి. లాక్ డ్రైవరు విండోస్ కెర్నెల్‌లో, అంటే దాని గుండెకాయలో, కూర్చునేది, వైన్‌లో ఆ కెర్నెలే లేదు.

ఇప్పుడు తెలుగు డీటీపీకి మాత్రమే వచ్చే చిక్కు. అను ఫాంట్లు యూనికోడ్ కావు. ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల గడుల్లో తెలుగు ముక్కలు పెట్టుకుని కూర్చుంటాయి: తలకట్టు ఒక గడిలో, వత్తు ఇంకో గడిలో. వీటిలో చాలా ముక్కలు 128 పైన ఉన్న గడుల్లో ఉంటాయి. ఆ గడులు సరిగ్గా చదవాలంటే ప్రోగ్రాము పశ్చిమ యూరప్ కోడ్‌పేజీ (ఏ గడిలో ఏ అక్షరమో చెప్పే పట్టీ) 1252లో ఉన్నాననుకోవాలి. వైన్ కోడ్‌పేజీని మీ లినక్స్ భాషా అమరిక చూసి నిర్ణయిస్తుంది. తెలుగుకు విండోస్‌లో పాత కోడ్‌పేజీ అంటూ అసలు లేదు. సిస్టమ్ భాష తెలుగు అని పెట్టుకుని పేజ్‌మేకర్ తెరిస్తే కొన్ని వత్తులు మాయమవడం, ప్రశ్నార్థకాలూ డబ్బాలూ రావడం జరగొచ్చు. ఫాంటు చెడిందనుకుని మళ్లీ మళ్లీ ఫాంటు వేస్తారు, ఫాంటుకు ఏమీ కాలేదు. పేజ్‌మేకర్ షార్ట్‌కట్‌లో వైన్ మాటకు ముందు ఎల్‌సీ_ఆల్‌ను అమెరికా ఇంగ్లీషు యూటీఎఫ్-8కు పెట్టండి. అనుకు కూడా అదే. ఆ లొకేల్ (భాషా అమరిక) మిషన్‌లో తయారై ఉండాలి. లేకపోతే చెప్పినా వినదు, గమ్మున అన్నిటికన్నా కింది అమరికకు జారిపోతుంది. లొకేల్ కమాండుకు -ఏ తగిలించి చూస్తే ఉన్నవాటి పట్టీ వస్తుంది. లేకుంటే లొకేల్-జెన్‌తో తయారు చేసుకోవాలి.

ఫాంట్లను ప్రిఫిక్స్ లోపలి డ్రైవ్_సీ, విండోస్, ఫాంట్స్ ఫోల్డర్లో పడేస్తే చాలు. వందల కొద్దీ అను ఫాంట్లను లినక్స్ సిస్టమ్ ఫోల్డర్లో వేయకండి, లిబ్రే‌ఆఫీస్ ఫాంటు పట్టీ అంతా వాటితో నిండిపోతుంది. యూనికోడ్ తెలుగు కావాల్సిన విండోస్ ప్రోగ్రాములుంటే సిస్టమ్‌లో లోహిత్, పోతన, వేమన ప్యాకేజీలున్నాయి. అవి వేస్తే వైన్‌కూ కనిపిస్తాయి.

ఇన్‌స్టాలర్ విషయంలో ఒక వింత. తొంభైల నాటి సీడీల్లో ప్రోగ్రాము 32 బిట్ అయినా సెటప్ ఫైలు 16 బిట్ ఉండేది. 64 బిట్ విండోస్ దాన్ని ముట్టుకోనే ముట్టుకోదు. వైన్ నడుపుతుంది. పాత సీడీలకు విండోస్ కన్నా లినక్సే నయమన్నమాట.

తెరవగానే మూసుకుపోతే టెర్మినల్ నుంచి నడిపి వచ్చే వరుసలు చదవండి. ఫిక్స్‌మీ అని మొదలయ్యే వరుసలు వందలు వచ్చినా పట్టించుకోవద్దు, అవి వైన్ రాసేవాళ్లు తమకోసం పెట్టుకున్న గుర్తులు. ఈఆర్ఆర్ అని మొదలయ్యే వరుసలు వెతకండి. ఇంపోర్ట్ డీఎల్ఎల్ అని, పక్కన ఎంఎఫ్‌సీ42 లాంటి పేరు, దొరకలేదన్న మాట ఉంటే రోగం తెలిసిపోయినట్టే. అదే ప్రిఫిక్స్ చూపించి వైన్‌ట్రిక్స్‌తో ఎంఎఫ్‌సీ42 గానీ వీసీరన్6 గానీ వేయండి. ఇంటర్నెట్లో ఎక్కడో దొరికిన విడి డీఎల్ఎల్ తెచ్చి పడేయొద్దు. అవసరం లేకుండా వైన్‌ట్రిక్స్‌లో ఉన్నవన్నీ టిక్కులు పెట్టడం కూడా తప్పే. ఒకటి వేశాక ఇంకోటి చెడితే ఏది చెడగొట్టిందో కనుక్కోలేరు. ప్రోగ్రాము బిగుసుకుపోతే వైన్‌సర్వర్‌కు -కే ఇస్తే ఆ ప్రిఫిక్స్‌లో ఉన్నవన్నీ ఆగిపోతాయి. అన్నీ సరిగ్గా కుదిరిన రోజు ఆ డీటీపీ ఫోల్డరును అలాగే కాపీ చేసి దాచండి. మళ్లీ చెడితే కొత్తగా వేసే పని లేదు, కాపీ వెనక్కి పెడితే చాలు.

ప్రింటింగ్. వైన్‌లో విండోస్ ప్రింటర్ డ్రైవరు వేయడమనే మాటే లేదు. వైన్ పోస్ట్‌స్క్రిప్ట్ తయారు చేసి కప్స్‌కు ఇస్తుంది, మిగతాది లినక్స్ డ్రైవరు చూసుకుంటుంది. కాబట్టి ప్రింటరు ముందు లినక్స్‌లోనే కుదరాలి. హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 అయితే హెచ్‌పీ ప్లగిన్ వేయాలి, ఎందుకంటే ఆ ప్రింటరుకు ఆన్ చేసిన ప్రతిసారీ ఫర్మ్‌వేర్ కంప్యూటరే పంపాలి. కానన్ ఎల్‌బీపీ 2900 మాత్రం లినక్స్‌లో తలనొప్పి. దాని క్యాప్ట్ డ్రైవరు పాతది, వెనక ఇంకో సర్వీసు నడుస్తుండాలి, ప్రింటరు ఆపి వేస్తే అది కొన్నిసార్లు లేవదు. షాపులో రెండు ప్రింటర్లుంటే 2900ను విండోస్ వైపు వదిలేయడం మేలు.

పేజ్‌మేకర్‌కు ఇంకో అలవాటుంది. డాక్యుమెంట్ సెటప్‌లో "కంపోజ్ టు ప్రింటర్" అని ఎంచిన ప్రింటరును బట్టి అది వరుసలు సర్దుకుంటుంది. పాత ఫైలును కొత్త మిషన్లో తెరవగానే ప్రింటరు మారిందంటుంది, ఒప్పుకుంటే వరుసలు అటూ ఇటూ జరిగి పేరా చివరి మాట కింది పేజీకి పోవచ్చు. పెళ్లికార్డుకు అంత నష్టం లేదు, మూడు వందల పేజీల పుస్తకానికి చచ్చేంత పని. అందుకని పాత పీఎండీ, పీ65 ఫైళ్లలో బాగా కష్టమైనది ఒకటి ఎంచి విండోస్‌లో ఒక ప్రింటు, వైన్‌లో ఒక ప్రింటు తీయండి. రెండు కాగితాలూ ఒకదానిపై ఒకటి పెట్టి ట్యూబ్‌లైటు ముందు పట్టండి. వరుసల చివర్లు కలిసి, వత్తులన్నీ కూర్చుంటేనే ఆ మిషన్‌ను పనిలోకి దించండి.

వైన్ విడి గది కాదన్నది కూడా గుర్తుండాలి. జెడ్ డ్రైవ్ పేరుతో మీ లినక్స్ మొత్తం విండోస్ ప్రోగ్రాములకు కనిపిస్తుంది. కస్టమర్ పెన్‌డ్రైవ్‌లో ఉన్న ఈఎక్స్ఈ వైరస్ డబుల్‌క్లిక్ అయితే మీ హోమ్ ఫోల్డర్లో ఫైళ్లన్నీ దాని చేతికి చిక్కినట్టే. వైన్‌సీఎఫ్‌జీలో డ్రైవ్స్ దగ్గర జెడ్ తీసేసి, పనుల ఫోల్డరు ఒక్కదానికే డి డ్రైవ్ ఇవ్వండి. డెస్క్‌టాప్ ఇంటిగ్రేషన్ దగ్గర డాక్యుమెంట్స్, డెస్క్‌టాప్ లింకులు కూడా విప్పేయండి. ఇంకోటి: వేల ఫైళ్లున్న ఫోల్డరు వైన్‌లో నిదానంగా తెరుచుకుంటుంది. లినక్స్‌లో పెద్దక్షరాల పేరు, చిన్నక్షరాల పేరు వేర్వేరు కాబట్టి విండోస్ పద్ధతిలో వెతకడానికి వైన్ ఫోల్డరంతా గాలించాల్సి వస్తుంది. పనుల్ని ఏడాదివారీగా విడగొట్టుకుంటే ఈ బాధ ఉండదు.

బాటిల్స్ అనే ప్రోగ్రాము ఇదే పనిని బొమ్మల్లో చేసి పెడుతుంది. బాగుంటుంది గానీ ఫ్లాట్‌ప్యాక్‌గా వస్తుంది కాబట్టి గోడ కట్టినట్టుంటుంది, బయటి ఫోల్డర్లూ సీరియల్ పోర్టులూ అడిగి ఇప్పించుకోవాలి. ఇక్కడి పనులకు మామూలు వైనే సుఖం.

టాలీ, టోకెన్లకు వర్చువల్ మిషన్. టాలీ వైన్‌లో తెరుచుకోదని కాదు. కానీ లైసెన్సు మిషన్‌కు ముడిపడి ఉంటుంది, అప్‌డేట్లు వస్తూనే ఉంటాయి, అవతల మీ జీఎస్టీ లెక్కలు. దాన్ని అద్దె ఇంట్లో పెట్టకండి. మూడింటిలో ఒక మిషన్‌కు 8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ వేయించండి, నాలుగో తరానికి డీడీఆర్3 పడుతుంది. 4 జీబీతో వర్చువల్ మిషన్ నడపాలనుకుంటే ఒక ఎద్దు గడ్డిని రెండు ఎద్దులకు పంచినట్టు ఉంటుంది. బయోస్‌లో వర్చువలైజేషన్, అంటే వీటీ-ఎక్స్, ఆన్‌లో ఉందో చూడండి. ఈ ఐ3ల్లో ఉంటుంది, ఆఫ్‌లో ఉండటమే మామూలు. లినక్స్‌లో కేవీఎం గానీ వర్చువల్‌బాక్స్ గానీ ఒక్కటే వేయండి. రెండూ ఒకేసారి వీటీ-ఎక్స్ కోసం కొట్టుకుంటాయి, తర్వాత లేచినదానికి ఎర్రర్ వస్తుంది. లోపలి విండోస్‌కు 4 జీబీ, రెండు కోర్లు ఇవ్వండి. దానికీ విడిగా లైసెన్సు ఉండాలని మరవొద్దు.

టాలీ డేటా ఫోల్డరును షేర్డ్ ఫోల్డర్లో పెడితే నిదానం, మధ్యలో తెగితే డేటా చెడుతుంది. వర్చువల్ డిస్కులోనే ఉంచి, రోజూ బ్యాకప్ మాత్రం బయటికి తీయండి. స్నాప్‌షాట్‌ను, అంటే వర్చువల్ మిషన్ అప్పటి స్థితిని దాచిపెట్టేదాన్ని, బ్యాకప్ అనుకోకండి. వెనక్కి పోతే ఆ మధ్య వేసిన ఓచర్లు కూడా పోతాయి.

డీఎస్‌సీ టోకెన్ కొనేముందు అసలు అవసరమా చూసుకోండి. సొంత వ్యాపారమైతే జీఎస్టీ రిటర్ను ఓటీపీతో ఈవీసీ ద్వారా వేయొచ్చు, డీఎస్‌సీ తప్పనిసరి కంపెనీలకూ ఎల్ఎల్‌పీలకూ. టెండర్లకు కావాలంటే టోకెన్ తయారుదారు లినక్స్ డ్రైవరు ఇస్తున్నాడేమో మొదట చూడండి. ఇస్తే లినక్స్‌లో టోకెన్లతో మాట్లాడే పీసీఎస్‌సీడీ సర్వీసు, ఫైర్‌ఫాక్స్‌లో సెక్యూరిటీ డివైసెస్ దగ్గర వాళ్ల లైబ్రరీ కలపడంతో సరిపోతుంది. ఇవ్వకపోతే వర్చువల్ మిషన్‌కు యూఎస్‌బీ అప్పగించాలి. వర్చువల్‌బాక్స్‌లో మీ యూజర్‌ను వీబాక్స్‌యూజర్స్ గ్రూపులో చేర్చి, లాగవుట్ అయి మళ్లీ లాగిన్ కావాలి. చాలామంది ఆ లాగవుటే మరిచిపోయి యూఎస్‌బీ పట్టీ ఖాళీగా ఉందంటారు. పట్టీలో కనిపించి కూడా "బిజీ" అంటుంటే లినక్స్ వైపు పీసీఎస్‌సీడీ టోకెన్‌ను పట్టుకుని ఉంది, దాన్ని ఆపండి. వేలిముద్ర పరికరాలకు కూడా ఇదే దారి ప్రయత్నించొచ్చు గానీ ఆధార్ ఆర్‌డీ సర్వీసు పరికరాన్నీ మిషన్‌నూ గట్టిగా పరీక్షిస్తుంది. ఆ పనికి అసలు విండోసో ఆండ్రాయిడో ఉంచుకోవడమే మంచిది.

ఇక ఆదోని మిల్లు. ఫాక్స్‌ప్రో డాస్ వెర్షన్‌కు వైన్ అక్కర్లేదు, లినక్స్‌లో డాస్ ప్రోగ్రాములు నడిపే డాస్‌బాక్స్-ఎక్స్ లేదా డాస్ఈఎంయూ2 కావాలి. తెరవగానే "డివైడ్ బై జీరో" అంటే ప్రోగ్రాము చెడినట్టు కాదు. ఫాక్స్‌ప్రో 2 వరస మిషన్ వేగాన్ని కొలుచుకునే లెక్కలో కొత్త ప్రాసెసర్ వేగానికి భాగహారం సున్నాతో పడుతుంది. డాస్‌బాక్స్‌లో సైకిల్స్‌ను, అంటే వేగం అమరికను, ఆటో అని వదలకుండా ఫిక్స్‌డ్ 20000 దగ్గర మొదలుపెట్టి, ఎర్రర్ రానంతవరకు పెంచుకుంటూ పోండి. డాట్‌మ్యాట్రిక్స్ బిల్లులకు డాస్ఈఎంయూ2 సులువు. దాని కాన్ఫిగ్‌లో ఎల్‌పీటీ1కు ఎల్‌పీఆర్ -ఎల్ అని రాస్తే, ప్రోగ్రాము పంపిన కోడ్లు మార్పు లేకుండా ప్రింటరుకు పోతాయి. అక్షరాల సైజు, కాగితం జరగడం పాతలాగే ఉంటాయి. రెండు మిషన్ల నుంచి ఒకే డీబీఎఫ్ (ఫాక్స్‌ప్రో డేటా) ఫైలు తెరిచే అలవాటు మిల్లులో ఉంటే మాత్రం డాస్‌బాక్స్‌తో ఆ పని చేయొద్దు. రికార్డు లాకింగు సరిగా అందకపోతే ఇద్దరూ ఒకేసారి రాసి ఇండెక్సు పాడవుతుంది.

కాటా సాఫ్ట్‌వేర్ విండోస్‌దే అయినా సీరియల్ తీగ మీదే మాట్లాడుతుంది కాబట్టి వైన్‌లో కుదురుతుంది. యూఎస్‌బీ సీరియల్ తీగల్లో ఉండే ఎఫ్‌టీడీఐ, పీఎల్2303, సీహెచ్340 చిప్పులకు డ్రైవర్లు లినక్స్ కెర్నెల్‌లోనే ఉన్నాయి. పెట్టగానే డెవ్ ఫోల్డర్లో టీటీవైయూఎస్‌బీ0 పుట్టాలి. సీహెచ్340 తీగ పెట్టగానే పుట్టి వెంటనే మాయమైతే బీఆర్ఎల్‌టీటీవై అనే బ్రెయిలీ ప్యాకేజీ దాన్ని తనదనుకుని లాక్కుంది. అంధులెవరూ వాడని మిషన్‌లో దాన్ని తీసేయండి. యూజర్‌ను డయలౌట్ గ్రూపులో చేర్చండి.

వైన్ ముట్టుకోకముందే, సీరియల్ పోర్టులో వచ్చేది చూపించే మినీకామ్‌లో ఆ పోర్టు తెరిచి కాటా మీద ఏదైనా పెట్టండి. అంకెలు వస్తే తీగా డ్రైవరూ బాగున్నట్టు. పిచ్చి గుర్తులు వస్తే వేగం తప్పు: ఇండికేటర్ మెనూలో 2400 ఉందో 9600 ఉందో, 7 బిట్లు ఈవెన్ పారిటీనో 8 బిట్లు నో పారిటీనో చూసి అదే పెట్టండి. అసలేమీ రాకపోతే రెండో తీగ, మూడో తీగ అడ్డం మారాల్సిన కేబులేమో చూడాలి. ఇక్కడ కుదిరాక వైన్ రెజ్‌ఎడిట్‌లో హెచ్‌కే లోకల్ మిషన్, సాఫ్ట్‌వేర్, వైన్, పోర్ట్స్ అన్న చోట కామ్1 పేరుతో స్ట్రింగ్ పెట్టి ఆ డెవ్ దారి రాయండి, వైన్‌సర్వర్ ఆపి మళ్లీ తెరవండి. తీగను వేరే యూఎస్‌బీ సందులో పెడితే పేరు టీటీవైయూఎస్‌బీ1 అయిపోవచ్చు. అందుకని డెవ్, సీరియల్, బై-ఐడీ కింద ఉండే పొడుగు పేరు రాస్తే సందు మారినా కామ్1 మారదు.